సైకిలు పనిముట్లు, విడి సామాను, తాళం: ఏ బ్యాగు కొనాలి, ఎక్కడ బిగించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సైకిలుకు బ్యాగు కొనబోయేవారు నన్ను అడిగే సందేహాలు ఏళ్లుగా దాదాపు ఇవే. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి ఉంచడం మేలనిపించి, కొనకముందు మొదలుకొని వాడకం దాకా దశలవారీగా కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోట నుంచే చదువుకోవచ్చు.

## కొనకముందు

ముందు బ్యాగు కొనాలా, సామాను కొనాలా?

ముందు సామాను కొనండి. బల్ల మీద ఒక పాత తువ్వాలు పరిచి, దారిలో సైకిలు ఆగిపోతే మీ చేతులతో మీరు నిజంగా వాడగలిగిన వస్తువులన్నీ దాని మీద పెట్టండి. తరువాత వాటిని ఒకదానికొకటి ఆనేలా దగ్గరికి చేర్చండి. అప్పుడు కనిపించే ముద్ద ఎంత ఉందో అంత బ్యాగు కావాలి. పైన పిడికెడు చోటు మిగిలితే చాలు. బ్యాగు ముందు కొన్నవారు సాధారణంగా రెండు విధాలుగా ఇబ్బంది పడతారు. చిన్నది కొన్నవారు పంపునో ట్యూబునో ఇంట్లో వదిలేస్తారు. పెద్దది కొన్నవారు ఖాళీ కనిపించిన కొద్దీ అక్కరలేనివి నింపుతారు, లేదా ఖాళీగానే ఉంచి లోపలి ఇనుప సామాను దొర్లి దొర్లి ట్యూబును పాడుచేసేదాకా గమనించరు.

అసలు ఏమేం వెంట ఉండాలి?

మీ టైరు సైజుకు సరిపోయే ట్యూబు ఒకటి, టైరును రిమ్ము నుంచి ఊడదీసే లివర్లు రెండు, ప్యాచీల పెట్టె, గాలి పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ (ఆరు పలకల) కీలున్న మడత పనిముట్టు, అంటే మల్టీటూల్ ఒకటి: ఇవి ఎవరికైనా కావలసినవి. ట్యూబు కొనేటప్పుడు వాల్వు రకం కూడా చూడాలి. సన్నటి ప్రెస్టా వాల్వుకు రిమ్ములో 6 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, లావుపాటి ష్రేడర్ వాల్వుకు 8 మిల్లీమీటర్లు కావాలి. సన్నని రంధ్రంలో లావు వాల్వు దూరదు.

ఆ తరువాతిదంతా మీ సైకిలును బట్టి ఉంటుంది. చక్రాలను నట్లతో బిగించిన సైకిలైతే 15 మిల్లీమీటర్ల పానా తప్పనిసరి. అందరూ మరిచిపోయేది ఇదే: ట్యూబు, పంపు, లివర్లు అన్నీ ఉండి, వెనక చక్రం ఊడదీయలేక నిలబడిపోయిన వారిని చాలామందిని చూశాను. గేర్ల సైకిలుకు చైను తెగితే కలిపే క్విక్ లింకు ఒక జత, చైను పిన్ను తీసే పనిముట్టు పెట్టుకోండి. ఆ లింకు మీ చైనుకు తగినదే కావాలి. 9 స్పీడు (వెనక 9 గేర్ల) లింకు 11 స్పీడు చైనుకు పనికిరాదు. డిస్కు బ్రేకులుంటే డిస్కును పట్టి ఉంచే బోల్టులకు నక్షత్రం ఆకారపు కొస ఉన్న టీ25 టార్క్స్ కీ చాలా సైకిళ్లకు అవసరమవుతుంది. వీటితోపాటు పాత టైరు నుంచి కోసిన రెండంగుళాల ముక్క ఒకటి వేసుకోండి. టైరు పక్కగోడ చీలితే లోపలి నుంచి అడ్డం పెట్టి ఇల్లు చేరవచ్చు.

కొత్త ట్యూబు ఉన్నప్పుడు ప్యాచీలు కూడా ఎందుకు?

ట్యూబు మొదటి పంక్చరుకు, ప్యాచీలు రెండోదానికి. ముల్లు గుచ్చుకున్న దారిలోనే ఇంకో ముల్లు ఉండటం అరుదేమీ కాదు. ఒకసారి మూత తెరిచిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది కాబట్టి, అంటించుకునే ప్యాచీలు కొన్ని అదనంగా పెట్టుకోవడం మంచిది. అవి సొల్యూషన్‌తో వేసిన ప్యాచి అంత మన్నవు గాని ఇంటిదాకా తీసుకొస్తాయి.

నాకు రిపేరు రాదు. దుకాణందాకా తోసుకుపోతాను. నాకూ ఈ బ్యాగు కావాలా?

మీ ప్రయాణం ఎప్పుడూ అరగంట నడకకు మించని దూరంలోనే సాగితే పెద్దగా అవసరం లేదు. అయినా మీ సైజు ట్యూబు ఒకటి వెంట ఉంచుకోండి. కొన్ని కొలతల ట్యూబులు అన్ని చోట్లా దొరకవు. ట్యూబు మీ దగ్గరుంటే మిగతా పని ఏ మెకానిక్ అయినా చేసిపెడతారు.

ఎన్ని లీటర్ల బ్యాగు సరిపోతుంది?

సన్నటి టైర్ల రోడ్డు సైకిలుకు ఒక ట్యూబు, లివర్లు, చిన్న మల్టీటూల్, ప్యాచీలు అర లీటరు బ్యాగులో పడతాయి. వెడల్పు టైర్ల సైకిలైతే ట్యూబే రెండు రెట్లు చోటు తింటుంది కాబట్టి ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు కావాలి. రెండు ట్యూబులు, చైను పనిముట్టు, 15 మిల్లీమీటర్ల పానా కూడా పెట్టేవారికి లీటరున్నర సౌకర్యంగా ఉంటుంది. పనిముట్ల కోసమే అయితే రెండు లీటర్లు దాటవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు. అట్ట పెట్టె మీద రాసిన లీటర్ల లెక్క కూడా మూలలు కలుపుకొని వేసినదే, పొడుగాటి పానా ఆ మూలల్లోకి దూరదు. వీలైతే మీ సామాను తీసుకువెళ్లి లోపల పెట్టి చూసి కొనండి.

## ఎక్కడ బిగించేది కొనాలి

సీటు కింద బ్యాగు, ఫ్రేము బ్యాగు, హ్యాండిల్ బ్యాగు: వీటిలో పనిముట్లకు ఏది మేలు?

చాలామందికి సీటు కింద బ్యాగే మేలు. కాళ్లకు తగలదు, గాలికి అడ్డు రాదు, ఎప్పుడూ సైకిలుతోనే ఉంటుంది, అందువల్ల మరిచిపోయే ప్రసక్తి లేదు. దాని లోటు ఏమిటంటే వెనక చక్రం చిమ్మే బురదంతా దానికే తగులుతుంది, బరువు పెరిగితే ఊగుతుంది.

ఫ్రేము లోపలి త్రికోణంలో కట్టే బ్యాగు బరువును సైకిలు మధ్యలో, కింది భాగంలో ఉంచుతుంది కాబట్టి రెండు కిలోలు పెట్టినా నడకలో తేడా తెలియదు. అయితే అది నీళ్ల బాటిల్ చోటు ఆక్రమిస్తుంది, లావుగా ఉబ్బితే మోకాళ్లకు రాసుకుంటుంది. ఆరు సెంటీమీటర్లకు మించి వెడల్పు లేనిది చూసుకోండి. పై గొట్టం మీద, హ్యాండిల్‌కు దగ్గరగా బిగించే చిన్న బ్యాగు ఫోనుకు, తినే వస్తువులకు బాగుంటుంది. అందులో ఇనుము పెడితే నిలబడి తొక్కేటప్పుడు మోకాళ్లకు గట్టిగా తగులుతుంది.

హ్యాండిల్ బ్యాగులో పనిముట్లు పెట్టవద్దని నా సలహా. అక్కడి బరువు హ్యాండిల్‌తోపాటు తిరుగుతుంది కాబట్టి, ముందు చక్రం మీద కిలోన్నర ఇనుము ఉంటే మెల్లగా మలుపు తిరిగేటప్పుడు సైకిలు చేతికి బరువుగా అనిపిస్తుంది. కోటు, కెమెరా, రొట్టె వంటి తేలికైనవాటికి ఆ చోటు వదిలేయండి.

సీటు కింద బ్యాగు వెల్క్రో పట్టీలది తీసుకోవాలా, క్లిప్పుది తీసుకోవాలా?

రోజూ సైకిలును బయట వదిలి లోపలికి వెళ్లేవారికి క్లిప్పు, ఇంట్లో భద్రంగా పెట్టుకునేవారికి పట్టీలు. క్లిప్పు దిమ్మెను సీటు కింది రెండు కమ్మీలకు స్క్రూలతో బిగిస్తారు, బ్యాగు అందులోకి జారి టక్కున కూర్చుంటుంది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. మామూలు ఉక్కు కమ్మీలు 7 మిల్లీమీటర్ల గుండ్రటివి. కార్బన్ కమ్మీలు చాలావరకు 7 వెడల్పు, 9 ఎత్తు ఉండే కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. గుండ్రటి కమ్మీకి చేసిన దిమ్మెను వాటికి బిగిస్తే కార్బన్ నలిగిపోవచ్చు. అటువంటి సీటుకు పట్టీల బ్యాగే సురక్షితం.

మాది చిన్న ఫ్రేము. సీటుకీ టైరుకీ మధ్య చోటే లేదు. ఏం చేయాలి?

ముందుగా ఆ చోటును కొలవండి. సీటు దించే మీటలున్న డ్రాపర్ పోస్టు అయితే సీటును పూర్తిగా కిందికి దించి కొలవాలి, ఎగుడుదిగుడు తట్టుకునే వెనక సస్పెన్షన్ ఉంటే అది నొక్కుకుపోయినప్పుడు టైరు ఎంత పైకి వస్తుందో కూడా చూడాలి. బ్యాగు బిగించాక కిందిభాగానికీ టైరుకీ కనీసం మూడు వేళ్ల ఎడం మిగలాలి. అది లేకపోతే రెండో బాటిల్ స్టాండులో కూర్చునే పనిముట్ల డబ్బా మంచి మార్గం. ఆ స్టాండ్లు దాదాపు 74 మిల్లీమీటర్ల వ్యాసం గల బాటిళ్లకు చేసినవి కాబట్టి ఆ కొలత డబ్బా ఏదైనా పడుతుంది. డబ్బాలో బరువు కిందుగా ఉంటుంది, వాన నీరు చేరదు. పాత ట్యూబు ముక్కను లోపల చుట్టూ పరిస్తే చప్పుడు కూడా ఉండదు.

క్యారియర్‌కు పక్క సంచులున్నాయి. పనిముట్లు వాటిలోనే వేసుకోవచ్చు కదా?

వేసుకోవచ్చు, కాని విడి పౌచులో పెట్టి వేయండి. పక్క సంచులను రోజూ తీసి లోపలికి మోసుకుపోతాం, ఒక్కోరోజు అసలు తగిలించం. టైరులో గాలి దిగేది సంచి ఇంట్లో ఉన్న రోజే. పనిముట్లన్నీ ఒకే పౌచులో ఉంటే సంచి మార్చిన రోజు ఆ పౌచు ఒక్కదాన్ని తీసి కొత్త సంచిలోకి మార్చుకుంటారు. అంతకన్నా మంచిది పనిముట్లను సీటు కింద శాశ్వతంగా ఉంచి, పక్క సంచులను మిగతా సామానుకు వాడుకోవడం. సంచి తగిలించాక పెడల్‌ను వెనక్కి తిప్పి మడమ సంచికి తగులుతోందేమో చూడటం మరవద్దు; పొట్టి ఫ్రేములకు ఈ ఇబ్బంది ఎక్కువ.

ఎలక్ట్రిక్ సైకిలుకు వేరేగా ఏమైనా కావాలా?

చక్రంలోనే మోటారు ఉన్న రకమైతే ఇరుసు నట్లు మామూలు కన్నా పెద్దవి, తరచు 18 మిల్లీమీటర్లవి ఉంటాయి. మీ నట్టు కొలిచి ఆ పానా కొనండి. అది పొడుగుగా, బరువుగా ఉంటుంది కాబట్టి సీటు కింద బ్యాగు కన్నా ఫ్రేము బ్యాగు నయం. మోటారు వైరును ఎక్కడ విడదీయాలో ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోండి.

## తాళం సంగతి

తాళాన్ని కూడా సీటు కింద బ్యాగులోనే పెట్టేస్తే పోదా?

వద్దు. నన్ను ఎవరు అడిగినా గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. రోజుకు నాలుగుసార్లు తీసేదీ ఏడాదికి నాలుగుసార్లు తీసేదీ ఒకే సంచిలో ఉండకూడదు. తాళం తీసిన ప్రతిసారీ పైనున్న ప్యాచీల పెట్టె, లివర్లు కదులుతాయి, ఏదో ఒకటి చీకట్లో కింద పడుతుంది, మీకు తెలియదు. తెలిసేది పంక్చరు అయిన రోజే.

ఇక బరువు. ఓ మోస్తరు యూ తాళం కిలో నుంచి కిలోన్నర తూగుతుంది. సీటు కింద బ్యాగులో మామూలుగా ఉండేది అర కిలో. దానికి మూడు రెట్ల బరువు వేలాడదీసి గతుకుల మీద వెళితే పట్టీల కుట్లు ముందు సాగుతాయి, తరువాత తెగుతాయి. లోపల ఆ ఉక్కు ముద్దకూ కమ్మీలకూ మధ్య ట్యూబు నలుగుతూనే ఉంటుంది.

మరి యూ తాళాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

ఫ్రేముకు బిగించే బ్రాకెట్టు మొదటి ఎంపిక. బాటిల్ స్టాండు బోల్టుల రంధ్రాలు 64 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. ఆ రంధ్రాలకే బిగుసుకునే బ్రాకెట్టు, గొట్టానికి పట్టీతో కట్టేదానికన్నా స్థిరంగా నిలుస్తుంది, జారి తిరగదు. ఫ్రేములో చోటు లేకపోతే క్యారియర్ మీద రెండు రబ్బరు పట్టీలతో, రెండు చోట్ల బిగించి కట్టండి. ఒకే పట్టీ అయితే తాళం మెల్లగా పక్కకు తిరిగి చువ్వల్లోకి పోతుంది. పక్క సంచిలో వేస్తే అడుగున, సైకిలు వైపు గోడకు ఆనించి నిలువుగా పెట్టండి. ఫ్రేము బ్యాగులో పెట్టాలనుకుంటే తాళం మొత్తం కొలతలను, అడ్డ కమ్మీతో కలిపి, అట్టముక్క మీద గీసి కత్తిరించి, ఆ అట్టను ఫ్రేములో పెట్టి చూసి అప్పుడు బ్యాగు కొనండి. హ్యాండిల్‌కు మాత్రం వేలాడదీయవద్దు. ఊగే తాళం ముందు చక్రం చువ్వల్లో పడితే చక్రం ఉన్నపళంగా ఆగి, తొక్కేవారు హ్యాండిల్ మీదుగా పడతారు.

గొలుసు తాళం మెడలోనో భుజానికో వేసుకుని తొక్కుతున్నాను. తప్పా?

ప్రమాదకరం. 10 మిల్లీమీటర్ల కడియాలున్న మీటరు గొలుసు మూడు కిలోల దాకా ఉంటుంది; కిందపడితే ఆ ఇనుము వీపుకూ నేలకూ మధ్య ఉంటుంది. నడుముకు కట్టుకోవడానికే చేసిన గొలుసులు వేరే ఉన్నాయి, అవి లాగితే ఊడే బకిల్‌తో వస్తాయి. మామూలు గొలుసును పక్క సంచి అడుగునగాని, సీటును మోసే గొట్టానికి (సీటు పోస్టుకు) రెండు చుట్లు చుట్టి కదలకుండా గాని పెట్టుకోండి. ఏ గొలుసునైనా శరీరం చుట్టూ వేసుకుని తాళం మాత్రం వేయవద్దు.

బ్యాగులో పట్టే చిన్న వైరు తాళం కొంటే సరిపోతుంది కదా?

బ్యాగు కొలతను బట్టి తాళాన్ని ఎంచుకోవడం తలకిందుల పని. వైరు తాళాన్ని చేతిలో పట్టే కట్టరుతో క్షణాల్లో తెంపవచ్చు. సీటునో హెల్మెట్‌నో కట్టి ఉంచడానికి రెండో తాళంగా మాత్రమే దానికి చోటుంది. సైకిలు ఎక్కడ, ఎంతసేపు నిలుపుతారో చూసి తాళం నిర్ణయించుకోండి. బ్రిటన్‌లోని సోల్డ్ సెక్యూర్ సంస్థ తాళాలను పరీక్షించి కాంస్యం, రజతం, స్వర్ణం, వజ్రం అనే స్థాయిలు ఇస్తుంది; నెదర్లాండ్స్‌లోని ఏఆర్‌టీ సంస్థ నక్షత్రాలు ఇస్తుంది. తాళం పెట్టె మీద అటువంటి గుర్తు ఉందేమో చూడండి. చోటు మరీ తక్కువైతే మడత తాళం మధ్యే మార్గం. మడిచినప్పుడు కళ్లజోడు పెట్టె అంత అవుతుంది, బాటిల్ స్టాండు బోల్టులకు దాని తొడుగు బిగుస్తుంది.

తాళంచెవిని బ్యాగులో ఉంచవచ్చా?

వద్దు, అదనపు చెవిని కూడా ఉంచవద్దు. అది ఇంట్లో ఉండాలి. చెవి మీద చెక్కిన సంఖ్యను వేరేచోట రాసి పెట్టుకోండి. చెవి పోయినప్పుడు చాలా కంపెనీలు ఆ సంఖ్యను బట్టి కొత్తది చేసి ఇస్తాయి.

## బ్యాగును చేతిలోకి తీసుకున్నప్పుడు

600 డెనియర్, 1000 డెనియర్ అని రాస్తారు. అంటే ఏమిటి?

9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్యే డెనియర్. సంఖ్య పెరిగితే దారం లావు పెరుగుతుంది. అయితే పోల్చవలసింది ఒకే రకం దారాలను. అదే డెనియర్‌లో నైలాన్ రాపిడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, పాలిస్టర్ ఎండకు రంగు, బలం తొందరగా కోల్పోదు. పనిముట్ల బ్యాగు బయటినుంచి కన్నా లోపలినుంచి చిరుగుతుంది. అందుకే డెనియర్ సంఖ్య చదివి ఊరుకోకుండా బ్యాగును తిరగేసి అడుగున రెండో పొర ఉందా, మూలల్లో కుట్టు దట్టంగా ఉందా చూడండి. పట్టీ బ్యాగుకు కలిసేచోట అడ్డంగా ఒత్తుగా వేసిన కుట్టు ఉండాలి. ఒక్క వరుస కుట్టు మాత్రమే ఉంటే అక్కడే ఊడుతుంది.

దళసరి నూలు గుడ్డతో చేసిన బ్యాగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంగ్లండ్‌లోని నెల్సన్ పట్టణానికి చెందిన క్యారడైస్ వాటికి పేరు పొందింది. తడిస్తే నూలు ఉబ్బి నేత సందులు మూసుకుపోతాయి కాబట్టి ఆ గుడ్డ వానను బాగానే ఆపుతుంది, చిరిగితే ఇంట్లో సూదీ దారంతో కుట్టుకోవచ్చు.

పూర్తిగా నీళ్లు చొరబడని బ్యాగే కావాలా?

పనిముట్లకు అంత అవసరం లేదు. నీటిని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అని ఉంటే అన్ని వైపుల నుంచి పడే చిందులను తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా లోపల తడవదని అర్థం. సీటు కింద బ్యాగుకు అసలు పరీక్ష పైనుంచి పడే వాన కాదు, కిందనుంచి చక్రం విసిరే నీరు. మడ్‌గార్డు ఉంటే మామూలు బ్యాగు కూడా చాలావరకు పొడిగా ఉంటుంది. నీరు చొరబడని బ్యాగుకు ఇంకో గుణం ఉంది: లోపలికి ఒకసారి చేరిన తడిని బయటికి పోనివ్వదు. తడి చేతులతో మల్టీటూల్ వాడి అలాగే లోపల పెట్టి మూస్తే పది రోజుల్లో తుప్పు కనిపిస్తుంది. మామూలు బ్యాగు కొని, తడవకూడని ప్యాచీలను, సాండ్ పేపరు ముక్కను చిన్న ప్లాస్టిక్ పౌచులో పెట్టుకోవడమే నేను చేసే పని.

జిప్పు బ్యాగా, చుట్టి మూసేదా?

జిప్పు తెరవడం తేలిక, కాని బురద పళ్లలో చేరితే మొరాయిస్తుంది. జిప్పు నోరు వెనక్కి గాని పక్కకు గాని ఉన్నది చూడండి. కిందివైపు ఉంటే తెరిచిన మరుక్షణం సామానంతా రోడ్డు మీద ఉంటుంది. గుడ్డను చాపలా విప్పి పరిచి, చుట్టి పట్టీతో సీటుకు కట్టే రకంలో జిప్పు బెడదే లేదు, ఏ వస్తువు ఏ అరలో ఉందో చూడగానే తెలుస్తుంది. విప్పడానికి, మళ్లీ కట్టడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

లోపలి రంగు చూసి కొనమంటున్నారు. అది ఎందుకు?

రాత్రిపూట ఒకసారి పంక్చరు అయిన లేదా చైను తెగిన అనుభవం ఉంటే ఈ ప్రశ్న రాదు. క్విక్ లింకు గోరంత ఉంటుంది. నల్లటి బ్యాగు లోపల నల్లటి అస్తరు, అందులో నూనె అంటిన చిన్న ఇనుప ముక్క. ఫోను లైటు నోట పట్టుకుని వేలితో తడుముతూ వెతకవలసి వస్తుంది. నారింజ, పసుపు, లేత బూడిద రంగు అస్తరు ఉంటే ఒక్క చూపులో దొరుకుతుంది. లోపల చిన్న జేబు కూడా ఉంటే లింకులు, వాల్వు మూతలు అందులో వేయండి.

## సర్దేటప్పుడు

ట్యూబు, పనిముట్లు ఒకే బ్యాగులో ఎలా సర్దాలి?

ట్యూబును వట్టిగా ఇనుము పక్కన పెట్టవద్దు. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. కొత్త ట్యూబే కదా అని రెండేళ్లు అలాగే బ్యాగులో ఉంచాను. పంక్చరైన రోజు దానిని తీసి టైరులో ఎక్కించి గాలి కొడితే నిలవలేదు. విప్పి చూస్తే మడత అంచున మల్టీటూల్ మూల రాసుకున్నచోట రబ్బరు పొరలు పొరలుగా అరిగి, మధ్యలో సూది మొనంత రంధ్రం. పక్కనే ఇంకో మచ్చ, అది వాల్వు కొస గుచ్చుకున్నది. రెండేళ్లపాటు ప్రతి గతుకూ ఆ రబ్బరును అరగదీసిందన్నమాట.

అప్పటినుంచి ఇలా సర్దుతున్నాను. ట్యూబులో గాలి పూర్తిగా తీసేసి, వాల్వుకు మూత పెట్టి, వాల్వు మధ్యలోకి వచ్చేలా కాకుండా బయటి అంచుకు వచ్చేలా చుడతాను. కొంచెం టాల్కం పొడి చల్లి పాత మేజోడులో దూర్చుతాను. ఆ మేజోడు తరువాత చేతులు తుడుచుకునే గుడ్డగా కూడా పనికొస్తుంది. మల్టీటూల్‌ను, చైను పనిముట్టును గుడ్డలో చుట్టి బ్యాగులో సీటు పోస్టు వైపు, అంటే బరువు ముందుకు వచ్చేలా పెడతాను. లివర్లను అడుగున పరిచి వాటి మీద ట్యూబు పెడతాను. అన్నిటికన్నా ముందు కావలసిన చేతి తొడుగులు నోటి దగ్గర ఉంటాయి.

చప్పుడు ఆగడం లేదు. ఏం చేయను?

ఏ రెండు లోహాలు ఒకదానికొకటి తగులుతున్నాయో బ్యాగును చేత్తో ఊపి కనిపెట్టి, వాటి మధ్య గుడ్డ పెట్టండి. అయినా వస్తుంటే బ్యాగు మీకు పెద్దదైందని అర్థం. మిగిలిన చోటును ఇంకో గుడ్డతోనో పలచని వాన కోటుతోనో నింపండి.

పంపు పెట్టాలా, గ్యాసు గుళిక చాలా?

పంపు ఉండాలి, గుళిక అదనం. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళిక సన్నటి రోడ్డు టైరును ఒకసారి తొక్కగలిగే ఒత్తిడికి నింపుతుంది, పర్వత సైకిలు వెడల్పు టైరుకు 25 గ్రాములది కావాలి. వాల్వు సరిగ్గా పట్టకపోతే గుళిక మొత్తం గాలిలో కలిసిపోతుంది, రెండో అవకాశం ఉండదు. గ్యాసు బయటికి వచ్చేటప్పుడు గుళిక గడ్డకట్టేంత చల్లబడుతుంది కాబట్టి గుడ్డతో పట్టుకోవాలి. ఆ వాయువు రబ్బరు గుండా మామూలు గాలి కన్నా త్వరగా బయటికి పోతుంది కాబట్టి మరునాటికి టైరు మెత్తబడితే ఆశ్చర్యపోకుండా ఆ వాయువును దించి మామూలు గాలి నింపండి. చిన్న పంపు సీటు కింద బ్యాగులో పట్టకపోతే బాటిల్ స్టాండు పక్కన బిగించే పట్టీ సాధారణంగా పంపుతోనే వస్తుంది.

ట్యూబ్‌లెస్ టైర్లకు కూడా ట్యూబు మోయాలా?

మోయాలి. చిన్న రంధ్రాన్ని టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం మూస్తుంది, కొంచెం పెద్దదాన్ని రబ్బరు ప్లగ్గు మూస్తుంది. టైరు చీలితే ట్యూబు తప్ప వేరే దారి లేదు.

## బిగించి వాడేటప్పుడు

బ్యాగు పక్కలకు ఊగుతోంది. ఎలా ఆపాలి?

బ్యాగు మూడు చోట్ల పట్టుకుని ఉండాలి: సీటు కింది రెండు కమ్మీల దగ్గర, సీటు పోస్టు దగ్గర. పోస్టు పట్టీ వదులుగా ఉంటే తోకలా ఊగుతుంది. ముందు పోస్టు పట్టీ, తరువాత కమ్మీల పట్టీలు బిగించి, వంద గజాలు తొక్కి మళ్లీ బిగించండి. బరువైనవి వెనక చివర ఉంటే ముందుకు మార్చండి. మిగిలిన పట్టీ కొసలను మడిచి లోపలికి దోపండి. వేలాడే పట్టీ చక్రంలో పడవచ్చు.

పట్టీ రాసుకుని సీటు పోస్టు గీతలు పడుతోంది. ప్యాంటు కూడా దారాలు లేస్తోంది.

పట్టీ కింద చేరిన ఇసుక సాండ్ పేపరులా పనిచేస్తుంది. పట్టీ విప్పి పోస్టును తుడిచి, పాత ట్యూబు ముక్కను చుట్టి, దాని మీద పట్టీ వేయండి. ఇది గీతలను ఆపుతుంది, బ్యాగు జారకుండా పట్టు కూడా ఇస్తుంది. ప్యాంటు సంగతికి వస్తే వెల్క్రో గరుకు వైపు అంచు బయటికి వచ్చి ఉంటుంది. దానిని మెత్తని వైపు పూర్తిగా కప్పేలా అతికించండి. అప్పటికీ తొడలు తగులుతుంటే బ్యాగు ముందుభాగం వెడల్పు ఎక్కువ. ఇంకా సన్నటిది మార్చుకోవడం తప్ప ఉపాయం లేదు.

వెనక లైటును బ్యాగుకే తగిలించవచ్చా?

రెండో లైటుగా మాత్రమే. బ్యాగు గుడ్డ మెత్తగా ఉండటం వల్ల లైటు కిందికి వాలి రోడ్డును చూపిస్తుంది, వెనకవారి కళ్లకు ఆనదు. ప్రధానమైన లైటును సీటు పోస్టుకుగాని క్యారియర్‌కుగాని బిగించండి. బ్యాగు దానికి అడ్డు రావడం లేదని వెనక పది అడుగుల దూరంలో నిలబడి చూసుకోండి.

సైకిలు బయట పెట్టిన ప్రతిసారీ బ్యాగు ఊడదీసి తీసుకెళ్లాలా?

కంటికి దూరంగా, ఎక్కువసేపు వదిలేటట్లయితే తీసుకెళ్లండి. క్లిప్పు బ్యాగు ఎంత సులువుగా మీ చేతికి వస్తుందో అంతే సులువుగా ఇతరుల చేతికీ వస్తుంది. పది నిమిషాల పనికి పట్టీల బ్యాగును వదిలి వెళ్లవచ్చు. పాతబడి మాసినది ఎవరి కంటా పడదు.

ఎన్నాళ్లకోసారి తెరిచి చూడాలి?

మూడు నెలలకోసారి మొత్తం కుమ్మరించి చూడండి. సొల్యూషన్ ట్యూబును నొక్కితే మెత్తగా ఉండాలి. మల్టీటూల్ కీలు బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేసి తుడవండి. వానలో తడిసిన రోజైతే మూడు నెలలు ఆగకుండా ఆ సాయంత్రమే ఖాళీ చేసి బ్యాగును తిరగేసి ఆరబెట్టండి.

దారిలో ట్యూబు మార్చిన రోజు కూడా అంతే. ఇంటికి రాగానే పాత ట్యూబుకు ప్యాచి వేసి, కొంచెం గాలి నింపి, రాత్రంతా కుర్చీ వీపుకు తగిలించి ఉంచండి. తెల్లవారి గాలి నిలిచి ఉంటే దించి, మూత పెట్టి, మేజోడులో చుట్టి మళ్లీ బ్యాగులో పెట్టేయండి.